78,000 కిలోమీటర్లు తిరిగిన సీవీటీ కారు: గేర్‌బాక్సు ఆయిలు మార్చాలా, ముట్టుకోకూడదా?

మియాపూర్ వాహనదారు:
అందరికీ నమస్కారం. నిరుడు దసరాకు ముందు 2017 నాటి సీవీటీ (క్లచ్ తొక్కే పని లేని ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సు) పెట్రోలు కారు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లి రావడమే దాని పని. సాయంత్రం పూట ఆ దారిలో కారు నడిచే సమయం కన్నా పాకే సమయమే ఎక్కువ. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు గానీ, అరగంట ట్రాఫిక్‌లో నలిగాక సిగ్నలు దగ్గర బ్రేకు వదిలి కదిలిస్తే, వేగం 15, 20 కిలోమీటర్లు దాటేదాకా గులకరాళ్ల మీద పోతున్నట్టు సన్నగా వణుకుతోంది. పాత సర్వీసు కాగితాల్లో గేర్‌బాక్సు ఆయిలు మార్చిన దాఖలా లేదు. సర్వీస్ సెంటరులో అడిగితే అది జీవితకాలపు ఆయిలు, మార్చనక్కరలేదన్నారు. బయటి మెకానిక్కు ఒకాయన ఇన్నేళ్ల తర్వాత మారిస్తే ఉన్న గేర్‌బాక్సు కూడా పోతుందని భయపెట్టాడు. సీవీటీ అంటేనే లక్ష కిలోమీటర్లలోపు అమ్ముకోవలసిన సరుకని మా మిత్రుడి వాదన. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

బెజవాడ గ్యారేజీ:
ఆయిలు సంగతికి ముందు ఒక మాట. వేడెక్కాక వచ్చే వణుకంతా గేర్‌బాక్సుదే కానక్కరలేదు. ఇంజను మౌంటింగు రబ్బరు నలిగిపోయినా, ఒక స్పార్క్ ప్లగ్గో దాని కాయిలో సరిగా పనిచేయకపోయినా ఇలాగే ఉంటుంది. ముందు అవి చూపించుకొని, స్కానరు పెట్టించి గేర్‌బాక్సు లోపాల కోడ్లు ఏమైనా నమోదయ్యాయేమో చూడండి.

ఇక ఆయిలు. సీవీటీలో మెట్లు మెట్లుగా మారే గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటిని కలుపుతూ ఒక ఉక్కు బెల్టు ఉంటాయి. సన్నని ఉక్కు రింగుల మీద సుమారు 400 ఉక్కు పలకలను వరుసగా కూర్చితే ఆ బెల్టు అవుతుంది. పుల్లీ చెంపలు దగ్గరైతే బెల్టు పైకి ఎక్కుతుంది, దూరమైతే లోపలికి దిగుతుంది. పళ్లు లేవు గనుక ఉక్కు మీద ఉక్కు జారకుండా ఆపేవి రెండే: పంపు ఇచ్చే ఒత్తిడి, ఆ ఆయిలుకున్న పట్టు. ఇంజనాయిలు జారుడునివ్వాలి, ఈ ఆయిలు అరుగుదలనూ ఆపాలి, జారనివ్వనూ కూడదు. ఏళ్ల తరబడి వేడికి కాగితే ఆ గుణం తగ్గుతుంది. బెల్టు జారితే పుల్లీ మీద గీత పడుతుంది, రాలిన పొడి ఆయిలు ఒత్తిడిని నడిపే వాల్వ్ బాడీలోకి పోయి వాల్వులు బిగుసుకుంటాయి, దాంతో ఒత్తిడి పడిపోయి బెల్టు ఇంకా జారుతుంది. నా దగ్గరికి వచ్చిన వాటిలో బెల్టు తెగినవి అరుదు, ఇలా గీతలు పడి చచ్చినవే ఎక్కువ.

జీవితకాలం అన్నప్పుడు ఎవరి జీవితకాలమని అడగాలి. మీ మాన్యువల్లో కఠిన పరిస్థితులకు వేరే పట్టిక ఉందేమో చూడండి. ట్రాఫిక్, ఎండ, ఘాట్ రోడ్డు లెక్కలోకి తీసుకుంటే మన దగ్గర తిరిగే ప్రతి కారూ ఆ పట్టికలోదే. నేనైతే 40,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటాను. ఆ మెకానిక్కు భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ప్రెజరు మిషనుతో ఫ్లషింగు చేస్తే, అంటే పాత ఆయిలును ఒత్తిడితో నెట్టేస్తే, అడుగున పేరుకున్న పొడి లేచి పోకూడని చోటికి పోతుంది. అప్పటికే గీతలు పడిన గేర్‌బాక్సుకు ఆయిలు మార్చి, వారానికి అది ఆగిపోతే నింద కొత్త ఆయిలు మీదికి వస్తుంది.

డ్రెయిన్ బోల్టు విప్పి దిగినంత దించి, మాన్యువల్లో రాసిన రకమే పోయించండి. మామూలు ఏటీఎఫ్ (ఇతర ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిలు) పోశారో, ఇక చెప్పనక్కరలేదు. ఒక్కసారికి దిగేది ఇంచుమించు సగమే, మిగతాది టార్క్ కన్వర్టరులోనూ (ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) కూలరులోనూ ఉండిపోతుంది. అందుకే 5,000 కిలోమీటర్లయ్యాక మరోసారి మార్చాలి. డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) లేని బండ్లలో ఇంజను ఆన్‌లో ఉంచి, ఆయిలు కంపెనీ చెప్పిన వేడికి వచ్చాకే లెవెలు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపోయిందనుకుంటే లెక్క తప్పుతుంది.

డల్లాస్ తెలుగువాడు:
మీ మిత్రుడి మాటకు మూలం బహుశా అమెరికాలో ఉంది. ఇక్కడ సీవీటీకి చెడ్డపేరు చాలావరకు నిస్సాన్ కార్లతోనే వచ్చింది. 2003 నుంచి 2010 దాకా వచ్చిన మోడళ్లకు ఆ కంపెనీ సీవీటీ వారంటీని 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల నుంచి 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పొడిగించాల్సి వచ్చింది. ఆ పేరును అన్ని సీవీటీలకూ అంటగట్టడం సబబు కాదు. ప్రతి 30,000 మైళ్లకు ఆయిలు మార్పిస్తూ వచ్చిన నా సీవీటీ కారు 1,40,000 మైళ్లు, అంటే దాదాపు రెండు లక్షల పాతిక వేల కిలోమీటర్లు దాటింది.

మీ వణుకు కదిలే క్షణంలోనే వస్తోందన్నది గమనించదగిన విషయం. ఆగిన బండిని కదిలించేటప్పుడే బెల్టు మీద భారం ఎక్కువ. టయోటా 2018లో ప్రకటించిన డైరెక్ట్ షిఫ్ట్ సీవీటీలో ఆ మొదటి కదలికకు విడిగా ఒక గేరే పెట్టింది. కారు పూర్తిగా ఆగకముందే రివర్సు నుంచి డ్రైవులోకి వేయడం, ఎత్తులో బ్రేకు బదులు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టడం, ఈ రెండు అలవాట్లూ ఉంటే మానుకోండి. ఎప్పుడైనా బండి ఆగిపోతే డ్రైవు చక్రాలు (ఇంజను తిప్పే చక్రాలు) నేల మీద దొర్లేలా లాగనివ్వకండి. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది, లోపల ఆయిలు తిరగదు.

కొత్త సభ్యుడు, తిరుపతి:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాది హైబ్రిడ్, దాని మీద ఈ-సీవీటీ అని రాసి ఉంది. కొండకు నెలకు రెండుసార్లైనా వెళ్తాను. దానికీ ఈ బెల్టు గొడవ ఉంటుందా?

బెజవాడ గ్యారేజీ:
టయోటా, మారుతి హైబ్రిడ్లయితే పేరొక్కటే కలిసింది. అందులో బెల్టూ పుల్లీలూ లేవు, మోటార్లతో కలిసి తిరిగే ప్లానెటరీ గేర్లుంటాయి. కొండ దిగేటప్పుడు గేరు లివరు మీది బీ మోడ్ వాడండి, బ్రేకులు కాలవు. బెల్టు సీవీటీ ఉన్నవారు దిగుడులో లివరు మీది ఎల్ గానీ ఎస్ గానీ వాడాలి.

మియాపూర్ వాహనదారు:
ఆలస్యంగా రాస్తున్నాను. మౌంటింగులు, ప్లగ్గులు బాగానే ఉన్నాయి, కోడ్లు లేవు. నిన్న ఆయిలు మార్పించాను. కొలత జగ్గులోకి పట్టిస్తే 3.4 లీటర్లు దిగింది. రంగు కషాయంలా ఉంది, మాడిన వాసన మాత్రం లేదు. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద కాటుకలా అంటుకొని ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాను, గరుకు తగల్లేదు, మెరిసే రేకులూ లేవు. లెవెలు చూసేటప్పుడు స్కానరులో వేడి అంకె పెరిగేదాకా కారు కిందే కూర్చున్నాం. లెవెలు బోల్టు దగ్గర కారే అదనపు ఆయిలు ధార చుక్కలుగా మారాక దాన్ని బిగించారు. ఈ సాయంత్రం గచ్చిబౌలి నుంచి వచ్చేటప్పుడు వణుకు బాగా తగ్గింది గానీ, కొత్తగూడ సిగ్నలు దగ్గర ఒకసారి తెలిసింది.

బెజవాడ గ్యారేజీ:
ముద్ద మెత్తగా ఉందంటే అది మామూలు అరుగుదలే, పుల్లీలు ఇంకా బాగున్నట్టే అనుకోవచ్చు. లోపల సగం పాత ఆయిలే ఉంది కదా, రెండో మార్పు అయ్యాక కూడా వణుకు మిగిలితే అప్పుడు వాల్వ్ బాడీ, కన్వర్టరు సంగతి చూద్దాం. ఈసారి దించినప్పుడు కూడా అయస్కాంతాన్ని తుడవకముందే ఫోటో తీసి పెట్టండి.