దశమభాగం ఇస్తేనే దేవుని దయ దొరుకుతుందా?

ప్రశ్న – చిత్తూరు విశ్వాసి

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో సాక్ష్యాల సమయంలో ఒక సహోదరుడు లేచి, తప్పకుండా దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, దేవునికి చెల్లించడం వల్లనే ఈ ఏడు తన తోతాపురి మామిడికాయకు మంచి ధర పలికిందని చెప్పగా, అందరూ స్తోత్రం అన్నారు. అదే వరుసలో మరో రైతు తల వంచుకొని కూర్చున్నాడు. ఆయన కూడా దశమభాగం ఎన్నడూ తప్పనివాడే. గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రోజులు ట్రాక్టరు నిలబెట్టుకొని, అడుగు కాయ కుళ్లి నీరు కారుతుంటే, వాళ్లు చెప్పిన ధరకే దించి వచ్చాడు. ఆయనమీద దేవుని దయ లేదనుకోవాలా?

జవాబు – తిరుపతి సహోదరుడు

మలాకీ 3:10లో దేవుడే తన్ను శోధించి చూడమన్నాడు. పదియవ భాగం తెచ్చినవారికి ఆకాశపు వాకిండ్లు విప్పుతానన్నది ఆయన వాగ్దానం. ఆ రెండో రైతు విశ్వాసంలో ఏదో కొరత ఉండి ఉంటుంది. ఉపవాసముండి ప్రార్థించి, తన్ను తాను పరీక్షించుకోవడం మంచిది.

జవాబు – చిత్తూరు సహోదరి

అన్నగారూ, మీ చివరి మాట నన్ను చాలా బాధపెట్టింది. కష్టంలో ఉన్నవాడి నెత్తిన నేరం మోపడం యోబు స్నేహితులు చేసిన పనే. దానికి వారిమీద దేవుని కోపం మండిందని యోబు 42వ అధ్యాయంలో ఉంది. నేనూ దశమభాగం ఇస్తాను. అయితే మలాకీ హెచ్చరించింది మొత్తం జనాన్ని. ఆ పదియవ భాగం ఆలయ సేవచేసే లేవీయులకు, ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం మూడేళ్లకొకసారి పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు కూడా తిండిగా చేరేది. మన సరుకు ధరకు దేవుడు పూచీపడిన ఒప్పందంగా దానిని ఎలా చదవగలం?

పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుమార్లు వేడుకొన్నా ఆయనకు దొరికింది "నా కృప నీకు చాలును" అన్న జవాబే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1912లో మిషన్లు కలిసి క్షయరోగులకు ఆసుపత్రి పెట్టిన నాటికి ఆ జబ్బును నయంచేసే మందే లేదు. దానికి పనిచేసిన స్ట్రెప్టోమైసిన్ అనే మందును కనుగొన్నది 1943లో. అంతవరకు అక్కడ మంచంపట్టి ప్రార్థించిన విశ్వాసులందరూ లేచి ఇంటికి వెళ్లలేదు. వెళ్లలేనివారిని దేవుడు విడిచిపెట్టాడని నేను అనలేను. భయపడకుండా వారిని తాకి సేవచేసిన చేతుల ద్వారా ఆయన దయ వారికి అందిందనే నమ్ముతాను.

జవాబు – తిరుపతి సహోదరుడు

యోబు విషయం ఒప్పుకొంటున్నాను. కానీ ఇచ్చినవాడికి దీవెనే లేదంటారా?

జవాబు – చిత్తూరు సహోదరి

ఉంది. 2 కొరింథీయులకు 8లో మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలోనే ధారాళంగా ఇచ్చాయి. అలా ఇవ్వగలగడమే వారికి దేవుడు అనుగ్రహించిన కృప అన్నాడు పౌలు. వారు ధనవంతులయ్యారని ఆయన ఎక్కడా రాయలేదు. ప్రశ్న అడిగిన సహోదరునికి నా మనవి ఒక్కటే: ఆ రెండో రైతు ట్రాక్టరు బాడుగ ఇంకా బాకీ ఉంటే, దశమభాగాల్లోంచే దానిని తీర్చమని మీ పాస్టరు గారిని అడగండి.