అక్వేరియం సైకిల్ (వ్యర్థాన్ని శుద్ధి చేసే బ్యాక్టీరియా ట్యాంకులో పెరిగే దశ) పూర్తయింది, మొదట ఏ చేపలు వేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, బోరు నీళ్లు. 60 లీటర్ల ట్యాంకు, 5 వారాలకు చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాయి, నైట్రేట్ లీటరుకు 20 మి.గ్రా. నియాన్ టెట్రాలు 10, గప్పీలు 6 ఒకేసారి తెచ్చేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒకేసారి వద్దండీ. బ్యాక్టీరియా ట్యాంకులో పడే వ్యర్థాన్ని బట్టే పెరుగుతుంది, చేపలు ఒక్కసారిగా ఎక్కువైతే అందుకోలేదు. ముందు 4 మగ గప్పీలు వేసి, రెండు వారాలు రోజూ టెస్ట్ చేయండి. బోరు నీళ్ల కాఠిన్యం గప్పీలకు బాగా పడుతుంది, నియాన్లకు మెత్తటి (కాఠిన్యం తక్కువ) నీళ్లు కావాలి.

ఇంకొకరు: నేను తొందరపడి ఒకేసారి 12 చేపలు వేశాను. మూడో రోజు పొద్దున చూస్తే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలికి కొట్టుకుంటున్నాయి. వెంటనే సగం నీళ్లు మార్చినా మూడు పోయాయి, ఇప్పటికీ బాధే.

అడిగినవారు: సరేనండీ, నాలుగే తెస్తాను. చేపలు తెచ్చిన కవరు ట్యాంకులో ఎంతసేపు తేలనివ్వాలి?

జవాబు: 20 నిమిషాలు, లైటు ఆపేసి. కవర్లో నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకండి, వలతో తీసి వదలండి.