సైనికుడి పతకాలు వేలంలో అమ్మవచ్చా, కొనవచ్చా? (ఒక చర్చ. ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

వెండిబిళ్ల

లండన్ వేలం సంస్థ ఒకటి విడుదల చేసిన జాబితా చూస్తూ నిన్న రాత్రి ఒక లాట్ (ఒకే పాటకు కలిపి పెట్టిన వస్తువులు) దగ్గర ఆగిపోయాను. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రెండు పతకాలు. ఒకటి వెండి బ్రిటిష్ వార్ మెడల్, రెండోది కంచు విక్టరీ మెడల్. అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉన్నాయి. దళం 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, అంటే మనం మద్రాస్ సాపర్లని పిలుచుకునే సైనిక ఇంజనీర్లు. పేరు మాత్రం అచ్చమైన ఉత్తరాంధ్ర పేరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నేటికీ పిల్లలకు పెడుతున్నారు. స్పెల్లింగులో రెండు అక్షరాలు తప్పు పడ్డాయి కానీ, పైకి చదివితే తెలిసిపోతుంది.

ఆరేళ్లుగా పతకాలు సేకరిస్తున్నాను. అంతకుముందు నాణేలు. నాణెం కొన్నప్పుడు ఎన్నడూ లేని సంకోచం ఈ లాట్ చూస్తే కలిగింది. నాణెం మీద రాజు పేరుంటుంది, ఇక్కడ ఒక కూలి కొడుకు పేరో, రైతు కొడుకు పేరో ఉంది. అతని మునిమనవలు ఎక్కడో బతికే ఉండవచ్చు. వాళ్లకు తెలియకుండా ఈ రెండు బిళ్లలు లండన్‌లో సుత్తి కిందికి వస్తున్నాయి.

ఇలాంటివి వేలంలో అమ్మడం, కొనడం సరైనదేనా? ఆలోచించి చెప్పండి. వేలానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

విశ్రాంత హవల్దారు

సరైనది కాదు. నా సమాధానం ఇంతే, అయినా కారణం చెబుతాను.

పతకం జీతం కాదు, బహుమతి వస్తువూ కాదు. ఫలానా రోజు ఫలానా చోట ఈ మనిషి నిలబడ్డాడని సాక్ష్యం. అది ఆ మనిషి రొమ్ము మీద ఉండాలి, అతను పోయాక ఇంట్లోనో అతని పల్టన్ మెస్‌లోనో ఉండాలి. అమెరికాలో వాళ్ల అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను అమ్మడం, కొనడం చట్టరీత్యా నేరం. బ్రిటన్‌లో తమ అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్‌ను సైతం బాహాటంగా వేలం వేస్తారు. ఈ రెండు దేశాల్లో ఏది సైనికుణ్ణి గౌరవిస్తున్నదో మీరే చూడండి.

ఇంకొక మాట. బజారు ఉంది కాబట్టే దొంగ ఉంటాడు. నాయక్ కిర్పా రామ్ కథ తెలియని వారికి చెబుతున్నాను. హిమాచల్ మనిషి. 1945 సెప్టెంబరులో బెంగళూరు దగ్గర తొండేబావి శిబిరంలో శిక్షణ జరుగుతుండగా ఒక రైఫిల్ గ్రనేడు తగినంత దూరం పోకుండా తన మనుషుల దగ్గరే పడింది. వెనక్కి పొమ్మని అరుస్తూ తాను ముందుకు దూకి దాన్ని పట్టుకున్నాడు. అతను పోయాడు, మిగతావాళ్లు బతికారు. మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు, శత్రువు ఎదుట కాని సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం. దాన్ని అతని భార్య దశాబ్దాల పాటు ఇంట్లో దాచుకుంది. ఆ ఇంటి నుంచే దొంగిలించారు. 2009లో అది లండన్ వేలం జాబితాలో తేలింది. ఆమె తరఫున అభ్యంతరం వెళ్లాక అమ్మకం ఆపారు. కొనేవాడు లేకపోతే పల్లెటూరి ముసలమ్మ పెట్టెలోని పతకానికి దొంగ ఎందుకు వస్తాడు?

గోదావరి గట్టు

హవల్దారు గారూ, మీ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ మా ఇంట్లో జరిగింది వినండి.

మా తాతగారి తండ్రి మొదటి యుద్ధంలో మెసపొటేమియా (నేటి ఇరాక్) వెళ్లివచ్చారు. ఆయన బిళ్లలు రెండూ మా నాయనమ్మ పోపుల పెట్టె పక్కన, ఒక పాత తాంబూలం డబ్బాలో ఉండేవి. 1980 నాటికి నాకు పదకొండేళ్లు. ఆ ఏడాది వెండి ధర ఎంత పెరిగిందో అప్పటివాళ్లకు గుర్తుంటుంది. అక్క పురుడుకు డబ్బు కావాలి. నాన్న ఆ డబ్బా పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని కంసాలి దగ్గరకు వెళ్లారు.

ఆయన రిబ్బను లాగేసి కింద పడేశారు. బిళ్లను గీటురాయి మీద గీసి చూశారు. చిన్న త్రాసులో వేశారు. రెండు తులాల పైన, మూడుకు కాస్త తక్కువ తూగింది. ఒక వైపు ఐదో జార్జి తల, రెండో వైపు గుర్రం మీద దిగంబరంగా ఒక మనిషి. నేను ఆ గుర్రాన్ని చూస్తుండగానే మూసలో పడింది. అంచు మీద ఏదో రాసి ఉందని నాకు గుర్తు, ఏమి రాసి ఉందో చదవలేదు. ఇంగ్లీషు అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్నాను. రెండో బిళ్ల కంచు కాబట్టి ఆయన అక్కర్లేదని వెనక్కి ఇచ్చేశారు. రెక్కల దేవత ఉన్న ఆ విక్టరీ మెడల్ నేటికీ నా దగ్గర ఉంది.

నాన్నను నేను తప్పు పట్టను. అక్క, బిడ్డ క్షేమంగా ఉన్నారు. కానీ ఆ రోజు మా ఊళ్లో పతకాలు కొనే సేకర్త ఒక్కడు ఉండి, వెండి ధర మీద పది రూపాయలు ఎక్కువ ఇచ్చి ఉంటే, ఆ బిళ్ల ఇవాళ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉండేది. అద్దాల పెట్టెలో ఉన్నా, లండన్‌లో ఉన్నా నేను సంతోషించేవాణ్ణి. ఇంట్లో ఉండాలంటారు మీరు. మా ఇంట్లోనే అది కరిగిపోయింది.

జుమ్మేరాత్ బజార్

గోదావరి గట్టు గారు చెప్పింది మన దేశమంతటా జరిగింది. బ్రిటన్‌లోనూ జరిగింది. ఆ బ్రిటిష్ వార్ మెడళ్లు మొత్తం 65 లక్షల దాకా ముద్రించారు, అందులో లక్షా పదివేలు కంచువి. వెండివి అన్ని లక్షలున్నా 1980లో ఎన్నో మూసలోకి పోయాయి. కంచువి ఎవరికిచ్చారో తెలుసా? చైనా, మాల్టా, భారతదేశాల నుంచి తీసుకెళ్లిన కూలి దళాల వారికి. అదే యుద్ధంలో బరువులు మోసినవారికి వెండి దక్కలేదు. బజారు కూడా చాలాకాలం వాళ్ల పతకాలను పట్టించుకోలేదు. ఇప్పుడు పరిశోధించేవారు పెరిగాక అవే అపురూపమయ్యాయి.

ఇక అసలు విషయం. పేరు అంచు మీద ఉండటమన్నది చిన్న సంగతి కాదు. మొదటి యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సేవా పత్రాల్లో సగానికి పైగా 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడినప్పుడు కాలిపోయాయి. అయినా ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన వాళ్ల మెడల్ కార్డులు మిగిలాయి, వాటి ప్రతులు లండన్‌లోని బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో దొరుకుతాయి. మనవాళ్ల సంగతి? లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న దస్తావేజుల్లో పంజాబు నుంచి చేరిన 3,20,000 మంది వివరాలు దొరికాయని 2021లో వార్త వచ్చింది. మంచిదే, కానీ అది పంజాబు జాబితా. అదే ఏడాది, యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తన నివేదికలో ఒప్పుకుంది: ఆ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా మనుషుల్లో కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి స్మరించలేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని.

అందుచేత ఉత్తరాంధ్ర సాపర్ ఒకడు బతికాడనడానికి ఆ వెండి అంచే రికార్డు కావచ్చు. సేకర్తలు చదివి, ఫొటో తీసి, రాసిపెట్టకపోతే ఆ పేరు ఎక్కడా దొరకదు. హైదరాబాదు గురువారం సంతలో పాత తాళాల కుప్పలో నుంచి నేను తీసిన పతకాలు నాలుగున్నాయి. నేను తీయకపోతే అవి ఏ ఇంటికీ వెళ్లేవి కావు, ఇత్తడి తుక్కులోకి వెళ్లేవి.

విశ్రాంత హవల్దారు

గోదావరి గట్టు గారు రాసింది రెండుసార్లు చదివాను. మా అమ్మ కూడా నా మొదటి జీతంతో కొన్న గిన్నె కుదువ పెట్టింది. ఆకలి ముందు ఎవరినీ నిందించను.

కానీ జుమ్మేరాత్ బజార్ గారూ, మీరు తుక్కు నుంచి కాపాడేవారి సంగతి చెబుతున్నారు. నేను లక్షలు పోసే వారి సంగతి అడుగుతున్నాను. నోయెల్ చావాస్ అనే డాక్టరు మొదటి యుద్ధంలో రెండుసార్లు విక్టోరియా క్రాస్ పొందారు. ప్రపంచంలో అలాంటివారు ముగ్గురే. ఆ పతకాలు ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కళాశాల దగ్గర ఉండేవి. 2009లో వాటిని సుమారు 15 లక్షల పౌండ్లకు లార్డ్ యాష్‌క్రాఫ్ట్ కొన్నారు. అలాంటి క్రాసులు ఆయన దగ్గర రెండు వందలకు పైగా ఉన్నాయి. రెండు వందల మంది ధైర్యం ఒకే ధనవంతుడి ఆస్తి అవడం మీకు సబబుగా ఉందా?

జుమ్మేరాత్ బజార్

నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. 2010లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో వాటికోసమే ఒక గ్యాలరీ తెరిపించారు, 2025 దాకా అది నడిచింది. ఆస్ట్రేలియాలో ఇంకా మంచి ఉదాహరణ ఉంది. మొదటి యుద్ధంలో టర్కీలోని గాలిపోలీ పోరులో, లోన్ పైన్ దగ్గర విక్టోరియా క్రాస్ సాధించిన కెప్టెన్ ఆల్ఫ్రెడ్ షౌట్ పతకాలు 2006లో సిడ్నీలో వేలానికి వచ్చాయి. కెర్రీ స్టోక్స్ అనే వ్యాపారవేత్త 12 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు కొని, కాన్‌బెరాలోని యుద్ధ స్మారక సంస్థకు ఇచ్చేశారు. గాలిపోలీలో ఆస్ట్రేలియన్లకు వచ్చిన తొమ్మిది క్రాసులూ దానితో ఒక్కచోట చేరాయి. ఇదీ వేలమే. కొన్నాక ఏమి చేశారన్నదే నేను చూస్తాను.

చట్టం చదివినవాడు

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. మన పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 నాటిది, 1976 నుంచి అమల్లో ఉంది. చారిత్రక ఆసక్తి ఉన్న ఏ వస్తువైనా నూరేళ్లు దాటితే దాని పరిధిలోకి రావచ్చు. అలాంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. మొదటి యుద్ధం పతకాల్లో చాలావాటికి ఇప్పుడు నూరేళ్లు దాటాయి. మన సంతల్లో కొని కొరియరులో విదేశీ వేలానికి పంపేవారు దీన్ని తెలుసుకోవాలి.

అందుకని వెండిబిళ్ల గారూ, ముందు వేలం సంస్థకు ఒక ఉత్తరం రాయండి. ఈ పతకాలు ఎప్పుడు, ఎవరి ద్వారా బ్రిటన్ చేరాయని అడగండి. పాత బ్రిటిష్ సేకరణ నుంచి వచ్చాయంటే సరే. నిన్న మొన్న ఇక్కడి నుంచి వెళ్లాయనిపిస్తే పాట పాడకండి.

గోదావరి గట్టు

నాదొక మనవి. కొన్నవారు దయచేసి జతను విడదీయకండి. వెండిది అమ్మి కంచుది పారేసేవారు, కంచుది చవకగా వేరే అమ్మేవారు ఉన్నారు. మా ఇంట్లో విడిపోయింది కాబట్టి చెబుతున్నాను. మిగిలిన ఒక్క బిళ్ల చూసినప్పుడల్లా రెండోది లేదనే తెలుస్తుంది.

జుమ్మేరాత్ బజార్

దానికి తోడు, మెరుగు పెట్టకండి. చింతపండు పులుసు, విభూతి, పాలిష్ ఏదీ వద్దు. నూరేళ్ల నలుపు అలాగే ఉండాలి. అరిగిన అంచు మీద పేరు ఇప్పటికే పలచబడి ఉంటుంది, తోమితే పోతుంది. ఇంకొక మోసం కూడా గమనించండి. మామూలు పేరు అరగదీసి, ప్రసిద్ధమైన దళం పేరు కొత్తగా చెక్కుతారు. ఈ వెండి మెడల్ అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెట్టి నాలుగు చోట్ల కొలవండి. ఒకచోట తగ్గితే అక్కడ ఎవరో ఆకురాయి పెట్టారన్నమాట. ఆ ఆకురాయి కింద ఒక మనిషి పేరు పోయింది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగే అసలు పాపం అదే. అమ్మడం కన్నా చాలా పెద్దది.

విశ్రాంత హవల్దారు

ఈ మాటతో నేను ఏకీభవిస్తాను.

అమ్మకం మీద నా అభిప్రాయం మారలేదు. అయినా వెండిబిళ్ల గారు కొంటే వద్దనను, ఒక షరతు మీద. ఆ పేరు పట్టుకుని ఊరు వెతకాలి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది కదా, మొదటి యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరు. అక్కడ ఎవరినడిగినా తాత ముత్తాతల దళం పేరు చెబుతారు. శ్రీకాకుళం వైపు కూడా అలాంటి ఇళ్లున్నాయి. మాజీ సైనికుల సంఘాల్లో నాకు తెలిసినవారు ఉన్నారు, నేను అడుగుతాను. కుటుంబం దొరికితే, మీరు కొన్న ధరకే వాళ్లకు ఇస్తానని మాటివ్వండి.

వెండిబిళ్ల

మాటిస్తున్నాను. కొన్న ధరకు కాదు, ఊరికే ఇస్తాను.

సంస్థకు రాశాను. 1970ల నాటి ఇంగ్లండు సేకరణ ఒకటి చెదిరినప్పుడు వచ్చిన జత అని జవాబిచ్చారు, పాత జాబితా పుట ఫొటో జతచేశారు. ధర మీద వాళ్ల రుసుము దాదాపు పావు వంతు, మీదట కస్టమ్స్. అన్నీ కలుపుకుని నేను పెట్టగలిగిన హద్దు ఒక కాగితం మీద రాసుకున్నాను.

వెండిబిళ్ల

వేలం ఇవాళ సాయంత్రం అయింది. నా హద్దు దాటి ఆరు మెట్లు పైకి పోయింది. కొన్నవారెవరో సంస్థ చెప్పదు.

వాళ్ల ద్వారానే కొన్నవారికి ఒక ఉత్తరం పంపాను. జతను విడదీయవద్దని, తోమవద్దని, అంచు చుట్టూ నాలుగు ఫొటోలు పంపమని అడిగాను. పేరును తెలుగులో ఎలా పలకాలో, అది ఏ ప్రాంతపు పేరో కూడా రాశాను. హవల్దారు గారూ, నంబరు, దళం, పేరు మీకు విడిగా పంపాను. మీవాళ్లను అడగడం ఆపకండి. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.