‘కృతాభిషేకా మహిషీ’ తర్వాత భోగిన్యానా, భోగిన్యోనా?

చిన్నప్పుడు తాతగారు వల్లె వేయించిన అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) ముక్క ఒకటి రెండు రోజులుగా నోట్లో తిరుగుతోంది. "కృతాభిషేకా మహిషీ" దాకా వస్తుంది, ఆ తర్వాత "భోగిన్యా అన్యా నృపస్త్రియః" అనుకుంటున్నాను కానీ ఎక్కడో తట్టుకుంటోంది. ఎందుకు కావాలంటే, కాస్టీల్ (ఇప్పటి స్పెయిన్‌లోని పాత రాజ్యం) రాణి బ్లాంకా మీద వ్యాసం రాస్తున్నాను. బూర్బన్ డ్యూక్ కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల. 1353 జూన్ 3న వాయదోలిద్‌లో పేద్రో రాజుతో పెళ్లయింది, మూడు రోజులు తిరక్కుండానే ఆయన ఆమెను వదిలేసి తన ప్రియురాలు మరియా దె పదీయా దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పైన 1361లో పోయేదాకా కోట నుంచి కోటకు తిప్పుతూ బందీగానే ఉంచారు. వట్టి ‘రాణి’ అంటే రాజ్యం ఏలిందనుకుంటారేమో, ‘మహిషి’ అనొచ్చా?

—

"భోగిన్యోఽన్యా" అండి. అనుష్టుప్పులో పాదానికి ఎనిమిదే అక్షరాలు, మీ పాఠంలో తొమ్మిదొస్తున్నాయి. తట్టుకుంటున్నది అక్కడే.

—

మాస్టారు చెప్పింది సరే కానీ లెక్కతో ఆగిపోతే ఎలా, ఆ ‘న్యో’లోనే అర్థమంతా ఉంది. భోగిన్యః, అన్యాః రెండూ బహువచనాలే. తర్వాత ‘నృప’లోని నకారం వస్తోంది కాబట్టి ‘అన్యాః’లో విసర్గ పోయింది, అది చూసి ఏకవచనం అనుకుంటాం. అభిషేకం జరిగినామె మహిషి, మిగిలిన రాజు భార్యలంతా భోగినులు. పెళ్లి జరిగితే చాలదు. అమరం మాట పట్టుకుంటే బ్లాంకాను మహిషి అనడానికి ముందు అభిషేకం సంగతి తేల్చాలి.

—

అభిషేకం కచ్చితంగా జరిగింది ఆమె అత్తగారికి, పోర్చుగల్ మరియాకి. 1332లో బుర్గోస్‌లో పదకొండో అల్ఫోన్సో తన కిరీటం తనే పెట్టుకుని ఆమెకూ పెట్టాడు. ఏం లాభం, కాపురమంతా లెయోనోర్ దె గుస్మాన్‌తోనే, ఆమెకు పదిమంది పిల్లలు! వాళ్లలో ఒకడైన ఎన్రికేనే 1369లో మోంతియెల్ దగ్గర పేద్రోను చంపి రాజయ్యాడు. ఆ ఇంట్లో మహిషికీ భోగినికీ తేడా కిరీటం చెప్పలేదండి.

—

భోగిని అనగానే నాకు భోగినీ దండకమే గుర్తొస్తుంది. సింగభూపాలుడి భోగిని మీద రాసింది, పోతనదే అంటారు. "ఇమ్మనుజేశ్వరాధములకు" అని రాజుల్ని ఈసడించిన చెయ్యి ఆ దండకం రాసిందంటే నా మనసు ఒప్పుకోదు.

—

ఎందుకు ఒప్పుకోదమ్మా? వయసులో ఉన్నప్పుడు రాసి ఉండొచ్చు. విరక్తి పుట్టుకతో రాదు కదా. దండకం ఒకసారి పైకి చదవండి, ఆ పదాల పరుగు భాగవతంలో వినపడదూ?

—

పరుగు ఎవరికైనా వస్తుందండి. పోతనకు వచ్చేది కరుణ. గజేంద్రుడి గొంతులో ఉన్న తడి ఆ దండకంలో ఒక్క పాదంలోనైనా చూపించండి, వింటాను.

—

పోతనను కాసేపు పక్కన పెట్టి పదీయా సంగతి చూడండి. ఆమె కూడా 1361లోనే పోయింది. మరుసటి ఏడు సెవిల్ సభలో పేద్రో, బ్లాంకా కంటే ముందే ఈమెను పెళ్లాడానని ప్రకటించాడు, సభ ఒప్పుకుంది. అప్పటిదాకా భోగిని అనిపించుకున్నామె చనిపోయాక రాణి అయింది. మధ్యలో 1354లో హువానా దె కాస్త్రోను కూడా పెళ్లాడి వెంటనే వదిలేశాడు, ఆమె బతికినన్నాళ్లూ రాణిననే చెప్పుకుంది. ఈ ముగ్గురికీ పేర్లు పెట్టడానికి అమరంలో ఆ ఒక్క పాదం సరిపోతుందా?

—

అందుకే నేనైతే తెలుగు మాట వాడతాను, పట్టపురాణి. పట్టం అంటే నుదుట కట్టే పట్టీ.

—

అప్పుడూ పట్టం కట్టారా అనే అడుగుతారు కదండీ! నా కాగితం మీద ఇంకా ‘రాణి బ్లాంకా’ అనే ఉంది. పోనీ ‘రాజు భార్య’ అందామంటే, మూడు రోజుల కాపురానికి ఆ మాట రాయాలంటే చెయ్యి రావడం లేదు.

—

దండకం ప్రతి దొరికింది, పై చర్చలో అడిగారు కాబట్టి రాత్రికి కూర్చుని ఆ తడి ఉన్న పాదం వెతికి పెడతాను.