“రెడ్ ఆర్ గ్రీన్?” – దీన్ని తెలుగులో ఎలా అడగాలి?

లాస్ క్రూసెస్, న్యూ మెక్సికో నుంచి:

మా పక్కనే మెసియా అని చిన్న ఊరుంది. స్పెల్లింగ్ చూసి మనవాళ్లు మెసిల్లా అంటారు గానీ స్పానిష్‌లో రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే ‘య’ అని పలకాలి. జనం రెండు వేలు కూడా ఉండరు. మట్టి ఇటుకల ఇళ్లు, మధ్యలో ప్లాజా, ఉత్తరం వైపు శాన్ అల్బినో చర్చి. 1848లో ముగిసిన అమెరికా-మెక్సికో యుద్ధం తర్వాత కూడా మెక్సికోలోనే ఉండిపోయి, అమెరికా మెక్సికో నుంచి భూమి కొన్న గాడ్స్‌డెన్ కొనుగోలుతో 1854లో అమెరికాలో కలిసింది. 1881లో బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన తుపాకీ దొంగకి ఉరిశిక్ష వేసింది ఈ ఊరి కోర్టులోనే.

ఆ ప్లాజా మీదే డబుల్ ఈగిల్ అని పెద్ద రెస్టారెంటు ఉంది. 1840ల నాటి ఇల్లు, లోపల షాండ్లియర్లు. పెళ్లిరోజులకీ ప్రమోషన్లకీ వెళ్లే చోటు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లాం. ఎంచిలాదాలు (మొక్కజొన్న రొట్టెల్లో కూరిపెట్టి పైన మిర్చి కారం పోసేవి) చెప్పగానే వెయిట్రెస్ “రెడ్ ఆర్ గ్రీన్?” అంది. ఏమంటోందని నాన్న అడిగారు. “మిర్చి ఎర్రదా పచ్చదా అంటోంది” అన్నాను. “ఎర్ర మిర్చి ఏంట్రా? పండుమిర్చా, ఎండుమిర్చా?” అన్నారు నాన్న. నా దగ్గర జవాబు లేదు. వెయిట్రెస్ పెన్ను పట్టుకుని నిలబడే ఉంది.

ఈ ప్రశ్న ఇక్కడ మామూలు ప్రశ్న కాదండీ. 1990లలో శాసనసభ దీన్ని రాష్ట్ర అధికారిక ప్రశ్నగా ప్రకటించింది. రాష్ట్రానికి పువ్వు, పిట్ట ఉన్నట్టే ఒక ప్రశ్న కూడా ఉందన్నమాట! మిరప 1965 నుంచి రాష్ట్ర కూరగాయ (పింటో చిక్కుడుతో కలిపి). 2023లో పచ్చిమిర్చి కాల్చే వాసనను రాష్ట్ర సువాసనగా కూడా చేశారు. ఇంత గౌరవం ఉన్న ప్రశ్నను తెలుగులో సరిగ్గా అడగాలంటే ఎలా అడగాలి?

తెనాలి నుంచి:

మీ నాన్నగారు పట్టుకున్నది అసలు పాయింటు. మనం కాయకి రంగు పేరు పెట్టం, ఏ దశలో ఉందో చెబుతాం. పచ్చి, పండు, ఎండు. పచ్చిమిరపకాయలో ఉన్నది రంగు కాదు. పచ్చిపాలు తెల్లగా ఉంటాయి, పచ్చిమాంసం ఎర్రగా ఉంటుంది. పచ్చి అబద్ధానికైతే రంగే లేదు. ‘పచ్చ’ అనే రంగుమాటకి కూడా ఒకే రంగు అని లేదు. పచ్చగడ్డి ఒక రంగు, పచ్చకామెర్లు ఇంకో రంగు.

అందుకని ఆ అమ్మాయి అడిగింది బహుశా “ఎండుదా, పచ్చిదా?” అని. ఇంతకీ ఆ ‘రెడ్’ పండుమిర్చా, ఎండుమిర్చా? మాకు అది పెద్ద తేడా. పండుమిర్చి అయితే కొరివికారం, ఎండుమిర్చి అయితే మామూలు కారం.

లాస్ క్రూసెస్ నుంచి:

ఎండుదేనండీ. చెట్టు మీదే పండి ఎర్రబడ్డాక ఎండబెడతారు. రిస్ట్రా అని దండలు గుచ్చి గుమ్మాల పక్కన వేలాడదీస్తారు. తొడిమలు, గింజలు తీసి నానబెట్టి, రుబ్బి, వెల్లుల్లి వేసి ఉడికిస్తారు. గ్రీన్ కూడా అదే కాయ, పండకముందు కోసింది. ఆగస్టు, సెప్టెంబరులో కొట్ల ముందు ఇనప జల్లెడ డ్రమ్ములు పెట్టి, గ్యాస్ మంట మీద తిప్పుతూ కాలుస్తారు. నల్లగా మాడిన తొక్క ఒలిచి, తరిగి, ఉల్లి, వెల్లుల్లితో ఉడికిస్తారు.

వరంగల్ నుంచి:

కాల్చి, ఒలిచి, మళ్లీ ఉడికిస్తే ఇంక పచ్చి ఎక్కడిది మాస్టారూ? పచ్చి అంటే నిప్పు తగలనిది కదా.

కానీ ఒక్కటి గుర్తు చేయాలి. మా పచ్చిపులుసులో పచ్చిమిర్చి పొయ్యి మీద కాల్చే వేస్తాం. పులుసు కాగబెట్టం కాబట్టి అది పచ్చిది. మిర్చి కాలినా దాని పేరు ‘పచ్చిమిర్చి’ అనే ఉంటుంది. ‘కాల్చిన పచ్చిమిర్చి’ అని రోజూ అంటాం, ఎవరికీ తప్పనిపించదు. అంటే ఈ మాటలో పచ్చి ఇప్పుడు విడిగా నిలబడట్లేదు, కాయకి అతుక్కుపోయి పేరైపోయింది. కాబట్టి మీ గ్రీన్‌ని ‘పచ్చిమిర్చి’ అంటే ఇబ్బంది లేదు. ఉత్త ‘పచ్చిది’ అంటే మాత్రం వెయిట్రెస్ వండని కాయ తెచ్చి పెడుతుందనుకుంటారు.

కర్నూలు నుంచి:

కాయకి రంగు పేరు పెట్టమన్నారు, ఒప్పుకుంటాను. మరి మా ఎర్రకారం దోశ? ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి రుబ్బి దోశ మీద పూస్తాం. దాన్ని ఎండుకారం అనం, ఎర్రకారం అంటాం. చింతపండు, కరివేపాకు వేసి దంచింది నల్లకారం. కాయ కాయగా ఉన్నంతసేపు దశ పేరు, రోట్లో పడి కారం అయ్యాక రంగు పేరు. మీ వెయిట్రెస్ అడిగింది కాయ గురించి కాదు కదా, ఎంచిలాదా మీద పోసే కారం గురించి. అందుకని ‘ఎర్రకారమా, పచ్చికారమా’ అనండి, సరిపోతుంది. పచ్చిమిర్చి నూరిన ముద్దని మా ఇంట్లో పచ్చికారం అనే అంటాం. రెండూ మన నోట ఆడే మాటలే, కొత్తగా పుట్టించక్కర్లేదు.

తెనాలి నుంచి:

ఇది బావుంది. ‘కాయకి దశ, కారానికి రంగు’ అన్నది నాకు తట్టలేదు. అయినా పచ్చికారంలో పచ్చి మళ్లీ దశే కదా? వరంగల్ వారన్నట్టు పచ్చిమిర్చి పేరులోంచి దిగి వచ్చిందని సరిపెట్టుకుందాం.

హ్యూస్టన్ నుంచి:

చిన్న మాట. మా టెక్సస్‌లో ‘చిలీ’ అంటే మాంసంతో వండే కూర. న్యూ మెక్సికోలో ‘చిలే’ అంటే కాయ, లేదా దాని కారం. స్పెల్లింగ్‌లో చివరి అక్షరం ఈ (e) బదులు ఐ (i) రాస్తే వాళ్లకి మహా పట్టింపు. మూలం మెక్సికో ఆదివాసుల నవాట్ల్ భాష మాట. స్పానిష్‌వాళ్లు మాత్రం తమకు తెలిసిన మిరియాల పేరు ‘పిమియెంతా’ని కొంచెం మార్చి దీన్ని ‘పిమియెంతో’ అన్నారు.

మనం చేసిందీ అదే. మిరియపు కాయే మిరపకాయ అయిందంటారు. దీనికి నాకు దొరికిన సాక్ష్యం వేమన పద్యం.

మిరపగింజ చూడ మీద నల్లగనుండు
కొరికి చూడ లోన చురుకుమనును

చిన్నప్పుడు బట్టీ పట్టాం, ఎవరూ ఆగి ఆలోచించలేదు. మిరపకాయ గింజ నల్లగా ఎక్కడుంటుంది? లేత పసుపు. పైన నల్లగా ఉండి కొరికితే చురుక్కుమనేది మిరియం గింజ. అంటే ఈ పద్యంలో మిరప అంటే మిరియమే అని నా లెక్క. పోర్చుగీసు ఓడల వెంట అమెరికా కాయ మన రేవులకి వచ్చాక పాత పేరు దానికి వెళ్లిపోయింది.

వరంగల్ నుంచి:

మా బడిలో సార్ ఈ పద్యానికి అర్థం చెబుతూ ఎండుమిరపకాయ బొమ్మ గీశారు. మేమూ గీశాం. పదికి పది వేశారు.

కర్నూలు నుంచి:

హ్యూస్టన్ గారూ, పద్యం సంగతి వేరే పోస్టుగా పెట్టండి, ఇక్కడ కిందికి వెళ్లిపోతుంది. లాస్ క్రూసెస్ గారూ, ఇంతకీ కారం సంగతేంటి? మనవాళ్ల నోటికి ఆనుతుందా?

లాస్ క్రూసెస్ నుంచి:

గుంటూరు సన్నం తిన్న నోటికి చాలాసార్లు ఆనదు. కారణం ఉంది. ఇక్కడి వ్యవసాయ కాలేజీలో (ఇప్పటి న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ) ఫాబియాన్ గార్సియా అనే ఉద్యాన శాస్త్రవేత్త 1921లో ‘న్యూ మెక్సికో నంబర్ 9’ అనే రకాన్ని విడుదల చేశారు. కాయలన్నీ ఒకేలా ఉండాలి, కారం కొంత తగ్గాలి, అలవాటు లేనివాళ్లు కూడా కొనాలి అని ఆయన ఉద్దేశం. ఇప్పటి పొడుగు కాయలు చాలావరకు ఆ వంశమే. అయితే పొలాన్ని బట్టి, ఆ ఏటి ఎండల్ని బట్టి కారం మారుతుంది. ఒక ఏడాది ఎర్రకారం ఘాటు, ఇంకో ఏడాది పచ్చికారం. అందుకే “ఇవాళ ఏది ఎక్కువ కారం?” అని ముందు అడగడం ఇక్కడ మామూలే.

రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలి. ప్లేటులో సగం ఎరుపు, సగం ఆకుపచ్చ పోసి తెస్తారు. దీనికి తెలుగు ఏం పెడదామని ఎవరూ మొదలుపెట్టకండి, నాన్న ‘రెండూ వెయ్యమను’ అనేశారు. తర్వాత తేనెతో సోపాపియాలు వచ్చాయి, అచ్చం పూరీల్లా పొంగి. వాటితో అమ్మ మిగిలిన పచ్చికారం తుడిచి తినేసింది.