సకేతో పెయిరింగ్‌కి మన మాట నంజుడేనా?

కోబే నుంచి:
అందరికీ నమస్కారం. నిరుడు చలికాలంలో బాబాయి, పిన్ని ఇక్కడికి వచ్చినప్పుడు నద ప్రాంతంలో సకే (జపాన్‌వాళ్ల బియ్యపు మద్యం) తయారుచేసే చోటికి తీసుకెళ్లాను. మూడు చిన్న గ్లాసులు, ఒక్కోదాని పక్కన చిట్టి పళ్లెంలో తినడానికి ఏదో ఒకటి, దానికో కార్డు. కార్డులో ఏముందో చెప్పమన్నాడు బాబాయి. "ఏ సకేకి ఏది పెయిరింగో రాశారు" అన్నాను. "నంజుడు అనరాదూ" అన్నాడు.

కార్డు మీదున్న జపనీస్ మాట సకాన. ఇప్పుడు దానికి చేప అనే అర్థం కూడా ఉంది. విడదీస్తే సక, న. సకే ఇంకో మాటతో కలిసినప్పుడు చాలాచోట్ల సక అవుతుంది. సకే అమ్మే కొట్టుని సకయ అంటారు. న అంటే పాతకాలంలో కూర, చేప, ఏదైనా సరే, పక్కన పెట్టుకుని తినేది. అంటే సకాన మొదట మందులోకి నంజుకునేది. ఎక్కువగా చేపనే నంజుకున్నారు కాబట్టి ఆ పేరు చేపకే అంటుకుంది. చేపకి అంతకుముందున్న మాట ఉఒ.

మన నంజుడు చూడండి. నంజుకోవడం అనే అర్థం ఉంది, నిఘంటువులో మాంసం అనే అర్థమూ ఉంది. నంజుడుతిండి అంటే రాక్షసుడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిన నడిచినట్టు అనిపించి ఆ రోజంతా ఇదే ఆలోచన. ఆ కార్డుని తెలుగులో రాస్తున్నాను. పెయిరింగ్‌కి నంజుడు అని రాయొచ్చా? జత, జోడీ నాకు నచ్చలేదు. జతలో రెండూ సమానం. నంజుకోవడంలో చిటికెడు తింటాం, ఒక గుక్క తాగుతాం, మళ్లీ చిటికెడు.

రాజమండ్రి నుంచి:
భావం బాగుంది బాబూ. కానీ నంజు అంటే విషం అని కూడా అర్థం ఉంది. తినేదాని పక్కన ఆ మాట అచ్చులో కనబడితే కొందరు ఉలిక్కిపడతారు. "నంజుకోవడానికి" అని క్రియగా రాస్తే ఏ గొడవా లేదు. మజ్జిగన్నంలో ఆవకాయ ముక్క నంజుకోని ఇల్లుందా?

కరీంనగర్ నుంచి:
మా దిక్కు దీన్ని "అంచుకు" అంటాం అన్నా. అన్నంలకు అంచుకు ఉల్లిగడ్డ, కల్లుకు అంచుకు గుడాలు. ఉడకబెట్టిన బొబ్బర్లకు ఉప్పు, కారం పట్టించి ఇస్తరు. మీ కార్డు మీద ఈ మాట కూడా ఉంటే మావాళ్లకు వెంటనే తెలుస్తది.

గుంటూరు నుంచి:
సకే రుచులకి జపనీస్‌లో ఏ మాటలు వాడతారు తమ్ముడూ? అవి తెలిస్తేనే దేనికి ఏది నంజుకోవాలో అర్థమవుతుంది.

కోబే నుంచి:
అక్కా, సంప్రదాయంగా ఐదు చెబుతారు: తీపి, పులుపు, కర, చేదు, వగరు. వైన్ గురించి తెలుగులో రాసేవాళ్లు వగరు దగ్గర తడుముకోవడం చూశాను. ఇక్కడ ఆ ఇబ్బందే లేదు, మాటకి మాట సరిపోతుంది.

గుంటూరు నుంచి:
మన ఆరు రుచుల్లోంచి ఉప్పు తీసేస్తే మిగిలేవి ఇవే కదా!

కోబే నుంచి:
అవునక్కా! ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. ఆ ఆరోది పళ్లెంలో ఉంటుంది. మసు అనే చతురస్రపు చెక్క పాత్రలో సకే పోసి, అంచు మీద చిటికెడు ఉప్పు పెట్టుకుని తాగే పద్ధతి ఉంది. ఉప్పులో ఊరబెట్టిన స్క్విడ్‌ని షియోకర అంటారు, అది పేరున్న సకాన. నాలుక మీద ఉప్పు పడగానే సకేలో బియ్యపు తీపి పైకి తేలుతుంది. ఆ రోజు పిన్ని రెండో గుక్కకే "ఇది ఇందాకటిదేనా?" అని గ్లాసు ఎత్తి వెలుతురులో చూసింది.

చేప అంత బాగా కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇనుము ఉంటే సకే రంగు మారి వాసన చెడుతుంది కాబట్టి, ఇనుము బాగా తక్కువున్న నీళ్లే వాడతారు. కొన్ని వైన్లలో ఉండే ఇనుము చేప నీచు వాసనని పెంచుతుంది. సకేతో ఆ బెడద తక్కువ.

రాజమండ్రి నుంచి:
ఆ "కర" అంటే మన కారమేనా?

కోబే నుంచి:
వినడానికి అలాగే ఉంటుంది మాస్టారూ. ఆ పోలిక చూసి రెండు భాషలకీ చుట్టరికం కలపడం మాత్రం నాకు ఇష్టం లేదు. మామూలు జపనీస్‌లో కరాయ్ అంటే కారంగా ఉందని. సకే దగ్గర కరకుచి అంటే తీపి తగ్గి, గొంతులో చురుక్కుమనేది. సీసా మీద ప్లస్ అంకె ఉంటే అటువైపు, మైనస్ ఉంటే తీపివైపు. నీగత సకేలకి ఈ కరకుచి గుణంతోనే పేరొచ్చింది. కరకుచినే ఇంగ్లీషులో డ్రై అంటారు, దాన్ని "పొడి" అని రాస్తే మాత్రం నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

రాజమండ్రి నుంచి:
"కటువు" ఎలా ఉంటుంది? సంస్కృతంలో కటు రసం అంటే కారమే. తెలుగులో అది మాటకి అంటుకుంది, కటువుగా మాట్లాడాడు అంటాం.

కోబే నుంచి:
మాస్టారూ, మొహమాటం లేని విమర్శని జపనీస్‌లోనూ కరకుచి అనే అంటారు! ఇక నాకు సందేహం లేదు. కటువు సకే.

కార్డు తిరగరాశాను, తప్పులుంటే దిద్దండి:

దైగింజో. బియ్యపు గింజని సగమో, ఇంకా తక్కువో మిగిలేదాకా పాలిష్ పట్టి చేసింది. పళ్ల వాసన. చల్లగా తాగాలి. నంజుకోవడానికి పలచగా కోసిన తెల్లచేప.

కటువు సకే. అంచుకు షియోకర, కొంచెమే.

జున్‌మై. విడిగా ఆల్కహాల్ కలపనిది. గోరువెచ్చగా తాగాలి. నంజుకోవడానికి మిసోలో (పులియబెట్టిన సోయా ముద్దలో) ఉడికించిన చేప. (ఆ వేడిని ఇక్కడ హితోహద అంటారు, మనిషి ఒళ్లంత వెచ్చన, ఇంచుమించు 35 డిగ్రీలు. వాళ్లు ఒంటితో కొలిస్తే మనం గోటితో కొలిచాం.)

గుంటూరు నుంచి:
మరి ఆవకాయకి?

కోబే నుంచి:
ఆ రోజు ఇంటికొచ్చాక పిన్ని తెచ్చిన ఆవకాయ పెట్టి చూశాం అక్కా. దైగింజో వాసన మొత్తం పోయింది. కటువు సకేతో నోరు ఇంకా మండింది, ఆల్కహాల్ మిరపకారం మంటని పెంచుతుంది. తట్టుకున్నది నిగోరి ఒక్కటే. ముతకగా వడకట్టిన సకే అది, గంజిలా తెల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. కార్డులో నాలుగోదిగా అది చేరుస్తున్నాను.