రాత్రిళ్లు దగ్గు, ఒక్క ముక్కులోంచే నీళ్లు: రెండింటికీ సంబంధం ఉంటుందా?

అడిగినవారు: మా అమ్మకి 52 ఏళ్లు. నాలుగు నెలలుగా పడుకున్న గంటకల్లా దగ్గు మొదలవుతోంది, లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. ఛాతీ సీటీలో రెండు వైపులా అక్కడక్కడా మసకగా ఉందన్నారు. న్యుమోనియా అని రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. టీబీ లేదన్నారు. కుడి ముక్కులోంచి నీళ్లు కారుతుంటే ఎలర్జీ మాత్రలు ఇచ్చారు, వాటితో ఏమీ తేడా లేదు.

జవాబు: ఎప్పుడూ కుడివైపేనా? వంగితే ఎక్కువవుతుందా?

అడిగినవారు: కుడివైపేనండీ. నిన్న చెప్పులు వేసుకోవడానికి వంగితే టపటపా నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి, మంచినీళ్లలా ఉన్నాయి. గొంతులోకి ఉప్పగా దిగుతోందని కూడా అంటోంది.

జవాబు: అయితే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం చేయకండి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం, అదే సీఎస్‌ఎఫ్ అయ్యుండొచ్చు. నాకు ఇదే జరిగింది, ఎనిమిది నెలలు ఎలర్జీ అనుకునే తిరిగాను. ముక్కుకి పైన పుర్రె అడుగుభాగంలో ఎముక చాలా పల్చగా ఉంటుంది, అక్కడ చిల్లు పడితే ద్రవం ముక్కులోకి కారుతుంది. పగలు ముందుకి కారేది, పడుకున్నాక గొంతు వెనక నుంచి దిగి నిద్రలో మనకి తెలియకుండానే శ్వాసనాళంలోకి పోతుంది, రోజూ అలా పోతుంటే ఊపిరితిత్తులు వాచి సీటీలో మచ్చల్లా కనిపిస్తాయి. సూక్ష్మక్రిములతో వచ్చిన వాపు కాదు కాబట్టే యాంటీబయాటిక్స్‌కి లొంగదు. ఒంట్లో ఈ ద్రవం రోజుకి సుమారు 500 మి.లీ. తయారవుతుంది, కారినంత మళ్లీ ఊరుతూనే ఉంటుంది కాబట్టి దానంతటదే ఎండిపోతుందిలే అనుకోవద్దు. నా రుమాలు ఆరాక కూడా మెత్తగా ఉండేది, చీమిడి అయితే అట్టకడుతుంది కదా. అప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, నేను కూడా.

మరొకరు: ఈ ద్రవంలో గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి షుగర్ స్ట్రిప్‌తో ఇంట్లో చూసుకోమని ఎవరైనా చెప్తే నమ్మకండి, మామూలు చీమిడికి, కన్నీళ్లకి కూడా గ్లూకోజ్ చూపిస్తుంది. అడగాల్సింది బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష, అంటే కారేది సీఎస్‌ఎఫ్ అవునా కాదా అని అందులోని ఒక ప్రోటీన్‌ని బట్టి తేల్చేది. ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సీసాలోకి ముందుకి వంగి చుక్కలు పట్టాలి. చిల్లు ఎక్కడుందో చూడటానికి పుర్రె అడుగుభాగానికి పల్చటి పొరలుగా చూపించే సీటీ, అవసరమైతే ఎమ్మారై తీస్తారు.

అడిగినవారు: ఆపరేషన్ అంటే తల తెరుస్తారా? అమ్మ ఆ మాటకే టెన్షన్ పడుతోంది.

జవాబు: చాలామందికి అక్కర్లేదండీ. ముక్కులోంచే ఎండోస్కోప్‌తో వెళ్లి మన కణజాలంతోనే అతుకు వేస్తారు, ఎక్కువమందికి మొదటిసారికే ఆగిపోతుంది. నాకు అతుకు వేసిన వారంలోనే రాత్రి దగ్గు పోయింది, ఛాతీ సీటీ బాగుపడడానికి మాత్రం ఇంకా టైం పట్టింది. దెబ్బ తగలకుండా దానంతటదే చిల్లు పడితే తలలో ఒత్తిడి ఎక్కువగా ఉందేమో కూడా చూస్తారు, ఆ ఒత్తిడిని పట్టించుకోకపోతే మళ్లీ కారే ప్రమాదం ఉంటుంది.

మరొకరు: ఈలోపు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమనండి, ముక్కు గట్టిగా చీదొద్దు, మలబద్ధకం రానివ్వొద్దు. జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మగతగా మాట్లాడటం, ఇందులో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి, మెనింజైటిస్ (మెదడు పొరలకి ఇన్ఫెక్షన్) కావొచ్చు. అది రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా సంగతి కూడా డాక్టర్‌ని అడగండి.

అడిగినవారు: రేపు పొద్దున్నే వెళ్తున్నాం. ఛాతీ సీటీ ఫిల్ములు కూడా పట్టుకెళ్లాలా?

జవాబు: తప్పకుండా. రుమాలు కూడా ఒకటి పట్టుకెళ్లండి.